ఇల్లు – కరెంటు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్ర: మాది పై అంతస్తు. ఒక ఏసీ, పాత ఫ్రిజ్, మూడు ఫ్యాన్లు ఉన్నాయి. ఎండాకాలం బిల్లు రెట్టింపవుతోంది. ఏది ఎక్కువ లాగుతోందో ఎలా తెలుస్తుంది? డాబాకు తెల్లరంగు వేయిస్తే లాభమేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జ: ఏదైనా కొనేముందు మీటరు చూడండి. మిణుకుమనే ఎర్రలైటు దగ్గర 3200 లేదా 1600 అని ఉంటుంది. యూనిట్‌కు అన్నిసార్లు వెలుగుతుందన్నమాట. 3200 అయితే, రెండు మిణుకుల మధ్య ఎన్ని సెకన్లో లెక్కపెట్టి 1125ను దానితో భాగించండి. 1600 అయితే 2250ను. వచ్చేది ఆ క్షణంలో ఇల్లు లాగుతున్న వాట్లు. అన్నీ ఆపేసి ఒక్కొక్కటే వేసి చూడండి. అన్నీ ఆపినా మిణుకుతోందంటే సెట్‌టాప్ బాక్సో, ఇన్వర్టరో కారణం. పది వాట్లే అయినా నెలకు 7 యూనిట్లు.

ఫ్రిజ్ ఆగుతూ నడుస్తుంది కాబట్టి దానికి ఈ లెక్క చాలదు. ఊరెళ్లేటప్పుడు అదొక్కటే ఉంచి, వెళ్లేముందు, వచ్చాక రీడింగ్ రాసుకోండి. రోజుకు 2 యూనిట్లు దాటితే ముందు తలుపు రబ్బరును అనుమానించండి. తలుపు సందులో పెట్టిన కాగితం లాగగానే వచ్చేస్తే రబ్బరు మార్చాలి.

75 వాట్ల పాత ఫ్యాన్ బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో నడిచే మోటారున్న) ఫ్యాన్ పెడితే, రోజుకు 15 గంటల వాడకానికి నెలకు 20 యూనిట్లు మిగులుతాయి.

ఇక డాబా. పై అంతస్తులో ఏసీకి అసలు బరువు శ్లాబు వేడే. పగలు తాగిన ఎండను రాత్రి గదిలోకి వదులుతుంది. తెల్లరంగు తప్పక వేయించండి. ముందు పాచి గీకి, కడిగి, పగుళ్లు పూడ్చి, పూర్తిగా ఆరనివ్వాలి. పాచి మీద వేసిన రంగు పొరలుగా లేచిపోతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో, పొద్దుటిపూట రెండు పూతలు వేయించండి. కాలిన శ్లాబు మీద వేస్తే తడి ఇట్టే ఆరిపోయి రంగు పట్టదు. సున్నం చవకే కానీ వానలకు పోతుంది, ఏటా వేయాలి. దుమ్ము పట్టినా చల్లదనం తగ్గుతుంది, అప్పుడప్పుడు కడగాలి.

ఫలితం రూపాయల్లో చూడకండి. బిల్లుకూ శ్లాబులున్నాయి కదా, వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు మారుతుంది! రంగుకు ముందు వారం, తర్వాత వారం రోజువారీ యూనిట్లు పోల్చండి. ఏసీ 24 డిగ్రీల దగ్గరే, అన్నే గంటలు నడవాలి.

ప్ర: గీజర్ రోజంతా వేసి ఉంచాలా?

జ: అక్కర్లేదు. 2000 వాట్ల, 15 లీటర్ల గీజర్ 25 డిగ్రీల నీళ్లను 60కి తేవడానికి 20 నిమిషాలు చాలు.