అమ్మాయి ఇంటికి రెండెకరాలు ఎక్కడ ఉంచాలి?

ప్రశ్న: మేము 2011లో వర్జీనియా రాష్ట్రం కల్పెపర్ కౌంటీలో 96 ఎకరాలు కొన్నాం. సగం గడ్డినేల, సగం ఓక్ అడవి. మధ్యలో పారే వాగు వెళ్లి రాపహానాక్ నదిలో కలుస్తుంది. చుట్టుపక్కల పొలాలు ఒక్కొక్కటిగా ఇళ్ల ప్లాట్లయిపోతున్నాయి. మా తర్వాత ఈ భూమిని ఎవరూ ముక్కలు చేయకూడదని మా వారి పట్టుదల. కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ రాసిస్తే చాలని ఒకరన్నారు. అలా రాస్తే భూమి ప్రభుత్వానికి పోయినట్టేనని, ఎవరు పడితే వారు లోపలికి వచ్చి తిరుగుతారని మరొకరు భయపెట్టారు. బ్యాంకు అప్పు ఇంకా కొంత ఉంది. అమ్మాయి ఎప్పటికైనా అక్కడే ఇల్లు కట్టుకుంటానంటోంది. అబ్బాయికి ఆసక్తి లేదు. పన్నులో ఎంత కలిసివస్తుంది?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, భూమి ఎక్కడికీ పోదు. పొలం ఒకరిదైనా దాని గట్టు మీదుగా నడిచే హక్కు పక్క పొలం వారికి ఉండటం మనం ఊళ్లలో చూసిందే. ఈజ్‌మెంట్ అంటే అదే. కాకపోతే కన్జర్వేషన్ ఈజ్‌మెంట్‌లో మీరు ఇచ్చేది నడిచే హక్కు కాదు, మిమ్మల్ని ఆపే హక్కు. రేపు మీరో, మీ దగ్గర కొన్నవారో ప్లాట్లు వేయబోతే కుదరదని చెప్పే అధికారాన్ని భూములను కాపాడే ఒక ల్యాండ్ ట్రస్టుకో, ప్రభుత్వ సంస్థకో రాసిస్తారు. మిగతాదంతా మీదే. అమ్ముకోవచ్చు, కౌలుకివ్వచ్చు, పిల్లలకు రాయవచ్చు. ఆస్తి పన్ను కూడా మీరే కట్టాలి. పత్రం కౌంటీ రికార్డుల్లో నమోదవుతుంది కాబట్టి భూమి ఎన్ని చేతులు మారినా షరతులు దానితోపాటే వెళ్తాయి. కోర్టుకు వెళ్తే తప్ప రద్దు కావు, అక్కడా తేలిక కాదు.

జనం వచ్చి తిరుగుతారన్న భయం వద్దు. అడవినో, వాగునో, సాగునేలనో కాపాడటానికి రాసే పత్రంలో సాధారణంగా బయటివారికి ప్రవేశం ఇవ్వనక్కర్లేదు. మీ రాష్ట్రంలో ఈ పని చేయడానికే 1966లో శాసనసభ వర్జీనియా అవుట్‌డోర్స్ ఫౌండేషన్‌ను ఏర్పాటు చేసింది. ముందు వారితో మాట్లాడండి, తర్వాత మీ ప్రాంతంలోని ల్యాండ్ ట్రస్టులతో. ఏ సంస్థ ఏ షరతు దగ్గర బిగుసుకుంటుందో, ఎక్కడ సర్దుకుంటుందో ఇద్దరితో మాట్లాడితేనే తెలుస్తుంది.

మీ ఉత్తరంలో మీరు అలవోకగా రాసి వదిలేసిన వాక్యం ఒకటుంది: అమ్మాయి ఇల్లు. నా దృష్టిలో అసలు పని అక్కడే ఉంది.

నేను ఇరవై ఏడేళ్లు ఈ రాష్ట్రంలో ఇలాంటి దస్తావేజులు రాశాను. వాటిలో ఒకటి తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. ఒక వృద్ధ దంపతులు తమ కొడుక్కి ముందుముందు ఒక ఇల్లు కట్టుకునే హక్కు అట్టేపెట్టుకున్నారు. ఎక్కడ అని అడిగితే పెద్దాయన నా బల్ల మీది పటంలో కొండవాలు పైన వేలు పెట్టారు. అక్కణ్నుంచి బ్లూ రిడ్జ్ పర్వతాలు కనిపిస్తాయట. నేను అక్కడే రెండెకరాల మేర గీత గీసి, ఇల్లు ఈ గీతలోపలే ఉండాలని పత్రంలో రాశాను. పదకొండేళ్ల తర్వాత కొడుకు ఇంటికి సిద్ధమయ్యాడు. ఊరికి దూరం కాబట్టి మురుగు కాలువ లేదు, సెప్టిక్ ట్యాంకే దిక్కు. దానికి నీరు ఇంకే నేల కావాలి. గుంట తవ్వి చూస్తే అడుగున్నర లోతులోనే బూడిదరంగు బంకమట్టి, మధ్యమధ్య తుప్పు మరకలు. ఏటా కొన్ని నెలలు నీరు నిలిచే నేల అని ఆ మరకలే చెబుతాయి. అనుమతి రాలేదు. గీతను వంద గజాలు అవతలికి జరపమని ట్రస్టును బతిమాలాం. జరిపితే ఒక మంచి పచ్చికబీడు పోతుంది, లాభం ఆ కుటుంబానికి మాత్రమే దక్కుతుంది, అలాంటి సవరణకు మేము ఒప్పుకోలేమన్నారు. వారి మాట న్యాయమే. నేను ఆ రోజు బూట్లు వేసుకుని కొండెక్కి ఉంటే, ఒక పార పట్టుకున్న మనిషిని వెంట తీసుకెళ్లి ఉంటే సరిపోయేది. ఆ అబ్బాయి పట్నంలో ఇల్లు కొనుక్కున్నాడు.

కాబట్టి మీరు సంతకానికి ముందే అమ్మాయిని వెంటబెట్టుకుని భూమి అంతా నడవండి. తను మెచ్చిన రెండు మూడు చోట్ల నేల పరీక్ష చేయించండి. పాసైన చోటు చుట్టూ గీత కాస్త విశాలంగా గీయించండి. రోడ్డు నుంచి అక్కడికి దారి, కరెంటు తీగ, బావి ఎటునుంచి వస్తాయో కూడా పత్రంలో ఉండాలి. ఇల్లు ఉంటుంది, దారి ఉండదు, అలాంటి పత్రాలు కూడా నేను చదివాను. పశువుల కొట్టం ఎంత పెద్దది కట్టవచ్చు, అడవిలో కలప ఎలా కొట్టవచ్చు, సోలార్ పలకలు పెట్టవచ్చా అన్నవీ అప్పుడే తేల్చుకోండి. వాగుకు రెండు వైపులా కొంత మేర చెట్లకూ గడ్డికీ వదిలేయమంటారు. అక్కడ బేరమాడకండి, అది వాగుకు అవసరం.

అబ్బాయి మాట. ఆసక్తి లేదన్నారు. భూమి మీద లేకపోవచ్చు, ధర మీద ఉండవచ్చు. ఈజ్‌మెంట్ రాశాక ఆ భూమి తక్కువకే అమ్ముడుపోతుంది. అతనికి ఈ విషయం మీ నోటితో ముందే చెప్పండి. మొత్తాన్ని రెండు భాగాలకు మించి విడదీయకూడదని రాసుకునే వీలుంది. అలా రాస్తే పిల్లలిద్దరికీ చెరొకటి వస్తుంది, ప్లాట్లు మాత్రం పడవు.

బ్యాంకు సంగతి. ఈజ్‌మెంట్ తర్వాతే తన తనఖా హక్కు అని బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, అదీ ఈజ్‌మెంట్ నమోదయ్యే సమయానికే. తర్వాత తెచ్చుకోవచ్చులే అనుకుని పన్ను మినహాయింపు పోగొట్టుకున్నవారు ఉన్నారు.

ఇక డబ్బు. ఈ భూమి ఇప్పుడు 12 లక్షల డాలర్లు పలుకుతుందనుకుందాం. ఈజ్‌మెంట్ తర్వాత 7 లక్షలే పలికితే మీరు దానం చేసింది 5 లక్షలు. ఆ తేడాను అర్హత ఉన్న మదింపుదారు లెక్కకట్టాలి. వర్జీనియా రాష్ట్రం అందులో 40 శాతాన్ని, అంటే 2 లక్షలను, రాష్ట్ర పన్నులో నేరుగా తగ్గించే క్రెడిట్‌గా ఇస్తుంది. ఒక ఏడాదిలో వాడుకోవడానికి పరిమితి ఉంది, మిగిలింది ఇతరులకు అమ్ముకోవచ్చు. 2019 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం, రాష్ట్రం ఇచ్చిన ఆ 2 లక్షలు పోను మిగిలిన 3 లక్షలే కేంద్ర పన్నులో దానంగా లెక్కకు వస్తాయి. ఏటా మీ ఆదాయంలో సగం వరకు మినహాయించుకోవచ్చు, మిగిలితే తర్వాతి 15 ఏళ్లకు జరుపుకోవచ్చు. 5 లక్షలూ మినహాయింపే అని ఎవరైనా చెబితే వారు పాత పుస్తకం చదివారని అర్థం.

ఖర్చు కూడా ఉంది. మదింపు, సర్వే, వకీలు, ఆపైన భూమిని కలకాలం కనిపెట్టుకుని ఉండటానికి ట్రస్టు అడిగే విరాళం. సంతకానికి ముందు వారి మనిషి వచ్చి మూలమూలా ఫొటోలు తీసి, పటంలో గుర్తులు పెట్టి, ఆనాటికి భూమి ఎలా ఉందో ఒక నివేదిక తయారుచేస్తారు. దాన్ని మీరు బద్ధకించకుండా పేజీ పేజీ చదవండి. అడవి అంచున పడి ఉన్న పాత షెడ్డు అందులో లేకపోతే, మరో పదేళ్లకు అది కొత్తగా కట్టినదంటారు. తర్వాత సాధారణంగా ఏటా ఒకసారి వచ్చి చూసిపోతారు. ఇంట్లో ఉంటే వారితోపాటు నడవండి. తమ భూమిలో గుడ్లగూబ గూడు ఉందని నా కక్షిదారు ఒకామెకు అలాంటి నడకలోనే తెలిసింది.

ప్రశ్న: నేను జార్జియాలో డాక్టరును. ఒక భాగస్వామ్య సంస్థలో 30 వేల డాలర్లు పెడితే, వారు తమ భూమిపై కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ రాసి, నాకు 1 లక్షా 30 వేల డాలర్ల పన్ను మినహాయింపు ఇప్పిస్తారట. మా మిత్రులు ముగ్గురు చేరారు. చేరవచ్చా?

జవాబు: చేరకండి. ఆ భూమిని మీరు ఎప్పుడైనా చూశారా? మీ మిత్రులు చూశారా? పై ఉత్తరం రాసిన అమ్మ తన వాగు ఎక్కడ మలుపు తిరుగుతుందో చెప్పగలరు. మీకు అమ్ముతున్నది కాగితం. చవకగా కొన్న నేలకు ఇక్కడ పెద్ద పెద్ద భవనాలు లేచేవని ఊహించి, ఆకాశమంత విలువ కట్టించి, ఆ ఊహను వదులుకున్నందుకు మినహాయింపు పంచుకోవడం. దీన్ని ఆపాలనే 2022 డిసెంబరులో చట్టం మార్చారు. ఇలాంటి భాగస్వామ్యంలో మినహాయింపు, భాగస్వాముల పెట్టుబడికి రెండున్నర రెట్లు మించితే మొత్తం మినహాయింపే చెల్లదు. కుటుంబ సంస్థలకూ, మూడేళ్లకు పైగా చేతిలో ఉన్న భూములకూ, చారిత్రక కట్టడాలకూ ఈ నియమం వర్తించదు గానీ మీరు వాటిలోకి రారు. మీ లెక్క నాలుగు రెట్లు దాటింది. 2024 అక్టోబరులో పన్నుల శాఖ ఈ పద్ధతిని తప్పనిసరిగా వెల్లడించాల్సిన లావాదేవీల జాబితాలో నిబంధనగా చేర్చింది. అలా వెల్లడించే ఫారం 8886ను మీ మిత్రులు రిటర్నులో జతచేశారో లేదో అడగండి. ఆ పేరే వినలేదంటే, ఈ పథకం అమ్మినవారితో సంబంధం లేని పన్ను వకీలును ఈ వారంలోనే కలవమనండి.