35.5 ఎక్కడిదని పిల్లలు అడిగితే

నల్లగొండ

బిడ్డా,

మర్రిగూడ దిక్కు హైస్కూల్లో నీకు పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న చెప్పిన రోజు చాలా సంతోషపడ్డాను. నిన్న ఫోన్లో నువ్వు చెప్పిన సంగతి మాత్రం రాత్రంతా మనసులో తిరిగింది. క్లోరిన్ పరమాణు భారం 35.5 అని బోర్డు మీద రాస్తే, "ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపితేనే కదా మేడం ఆ భారం, మరి అర న్యూట్రాన్ ఎక్కడిది?" అని ఒక పిల్ల అడిగిందట. మూలకాల పట్టికలో అట్లనే ఉంటది, రాసుకోమన్నావట.

ఆ మాట ఇంకోసారి అనకు. ముప్పై ఏళ్లకు పైగా కెమిస్ట్రీ చెప్పాను. ఆ ప్రశ్న తమంతట తాము అడిగిన పిల్లలు నాకు పది మంది కూడా దొరకలేదు. రేపు క్లాసుకు పోగానే ఆ పిల్లను లేపి, నీ ప్రశ్న సరైనదే అని అందరి ముందు చెప్పు.

తర్వాత నాలుగు బత్తాయిలు బల్ల మీద పెట్టు. మన జిల్లాలో వాటికి కరువు లేదు కదా. మూడింటి మీద 35 అని, ఒకదాని మీద 37 అని స్కెచ్ పెన్నుతో రాయి. అన్నీ కూడమంటే 142 వస్తుంది, నాలుగుతో భాగిస్తే 35.5. ఇప్పుడు 35.5 అని రాసి ఉన్న కాయ తీసి ఇవ్వమను. వెతుకుతారు, దొరకదు. అప్పుడు చెప్పు: క్లోరిన్ పరమాణువుల్లో రెండు రకాలున్నాయి, ప్రకృతిలో నూటికి 76 దాకా 35 రకం, 24 దాకా 37 రకం. పట్టికలో ఉన్నది వాటి సగటు. కచ్చితంగా కడితే 35.45 వస్తుంది, లెక్కల సౌకర్యానికి 35.5 అంటున్నాం. ఐసోటోపులనే పేరు ఆ తర్వాతే బోర్డు మీద రాయి, ముందు రాస్తే పేరే గుర్తుంటుంది.

అక్కడితో ఆగకుండా ఫ్లోరిన్ దగ్గరికి తీసుకుపో. దాని భారం 18.998, దాదాపు 19. ప్రకృతిలో ఫ్లోరిన్‌ది ఒక్కటే రకం, అందుకే సగటు గొడవ లేదు. ఆ కొంచెం తేడా ఎందుకని అడిగితే, ప్రోటాన్లు, న్యూట్రాన్లు కేంద్రకంలో కలిసినప్పుడు వాటి ద్రవ్యరాశిలో కొంత శక్తిగా పోతుందని, ఆ పోయేది మూలకాన్ని బట్టి మారుతుందని చెప్పు. ఫ్లోరిన్‌నే ఎంచుకోమనడానికి కారణం ఉంది. నీ క్లాసులో కూర్చునే పిల్లల తాతలు, నాయనమ్మలు కొందరు ఫ్లోరైడ్, అంటే ఫ్లోరిన్ లవణం, ఎక్కువున్న నీళ్లు తాగే నడుములు వంగిపోయినవాళ్లు. ఆ పేరు వాళ్లకు పుస్తకం కంటే ముందే తెలుసు.

నా తప్పు ఒకటి చెప్తాను, ఇది నీ పిల్లలకూ చెప్పు. చదువు కాగానే కొన్ని నెలలు నీళ్లు పరీక్షించే ఒక ల్యాబ్‌లో పనిచేశాను. అక్కడ ఒక ఎర్ర రంగు ద్రావణం ఉండేది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ఆ ఎరుపు అంత పలచబడుతుంది. తెలిసిన మోతాదు ద్రావణంతో పోల్చి లెక్క కట్టాలి. ఆ ద్రావణం కలిపే పని నాకిచ్చారు. లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉండాలి. నేను 100 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ తూచి కలిపాను. సోడియం 23, ఫ్లోరిన్ 19, కలిస్తే 42. అంటే 42 భాగాల్లో 19 మాత్రమే ఫ్లోరైడ్. తూచాల్సింది 221 మిల్లీగ్రాములు. నా సీసా మీద 100 అని ఉంది, లోపల 45 మాత్రమే ఉంది.

దాంతో ప్రతి నీళ్ల సీసాకూ ఉన్నదానికి రెండింతల పైన రాశాను. ఒక ఊరి బోరులో అసలు ఉన్నది 1.2, నేను రాసింది 2.65. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు కదా, ఊరివాళ్లు ఆ బోరుకు ఎర్ర రంగు పూశారు. ఆడవాళ్లు మూడు వారాలు దూరంలో ఉన్న బావి నుంచి బిందెలు మోశారు. కొత్త ద్రావణం మా సీనియర్ కలిపినప్పుడు అంకెలు కుదరక బయటపడింది. నేనే ఆ ఊరికి పోయి, తప్పు నాదని చెప్పి వచ్చాను. వాళ్లేమీ అనలేదు. ఒక ముసలమ్మ మాత్రం బిందె దించి నా మొహం చూసింది. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. ఈ కథ చెప్పి, 42లో 19 ఎంత అనే లెక్క వాళ్లతోనే చేయించు. సోడియం ఫ్లోరైడ్ విషం, దాన్ని పిల్లల చేతికి ఇవ్వకు, లెక్క కాగితం మీద చాలు.

కంటికి కనబడనిదాన్ని ఎట్లా తూచారని కూడా తప్పకుండా అడుగుతారు. వంద పెసలు, వంద శనగలు లెక్కపెట్టించి తూచమను. పెసరగింజ ఒకటనుకుంటే శనగ ఎన్ని రెట్లో వస్తుంది. ఒక్క గింజనూ విడిగా తూచలేదు కదా అని చూపించు. అయితే రెండు పక్కలా గింజల సంఖ్య సమానమని తెలియాలి, చిక్కంతా అక్కడే. పరమాణు సిద్ధాంతం చెప్పిన డాల్టన్ నీటిలో ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ అనుకున్నాడు, అందుకే 1808లో హైడ్రోజన్ 1 అయితే ఆక్సిజన్‌కు 7 వేశాడు. నిజానికి హైడ్రోజన్లు రెండు, ఆక్సిజన్ 16. తూకంలో కొంత తేడా ఉంది, కానీ పెద్ద దెబ్బ లెక్కపెట్టడంలో తగిలింది. ఒకే ఉష్ణోగ్రత, పీడనం దగ్గర సమాన ఘనపరిమాణాల వాయువుల్లో అణువులు సమానమన్న అవగాడ్రో మాటను 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూహెలో జరిగిన కెమిస్టుల సభలో ఇటలీ కెమిస్టు కానిజారో పట్టుబట్టి వినిపించాకే ఈ గందరగోళం తీరింది. ఆ సభలో కూర్చున్న యువకుల్లో మెండలీవ్ ఒకడు, తొమ్మిదేళ్లకు మూలకాల పట్టిక వేశాడు.

టెల్యూరియం 127.6, అయోడిన్ 126.9 అయినా పట్టికలో టెల్యూరియమే ముందెందుకని అడిగితే, వరస పరమాణు సంఖ్యది, అంటే ప్రోటాన్ల లెక్కది, భారానిది కాదని చెప్పి ముందుకు పో.

కొలమానం దగ్గర మాత్రం నిదానించు. వెనుకట కంసాలి గురిగింజ ఎత్తుతో బంగారం తూచేవాడు. గింజ మార్చినా బంగారం మారదు, అంకె మారుతుంది. అట్లనే మొదట హైడ్రోజన్ ఒకటి అన్నారు, తర్వాత ఆక్సిజన్ 16 అన్నారు, 1961 నుంచి కార్బన్-12ను, అంటే కార్బన్‌లో 12 రకాన్ని, 12గా పెట్టుకున్నాం. మరి పట్టికలో కార్బన్ 12.011 అని ఎందుకుందో పిల్లలనే చెప్పమను. బత్తాయిలు గుర్తొస్తే చెప్పేస్తారు.

ఈ సగటు అన్ని చోట్లా ఒకటే ఉండదు. తోట మారితే కాయల పాళ్లు మారినట్టే. మన పెద్దగట్టు, లంబాపూర్ దిక్కు యురేనియం ఉందని వాళ్లు వినే ఉంటారు. యురేనియం క్షీణించి చివరికి సీసం అవుతుంది. అమెరికాలో రిచర్డ్స్ 1914లో యురేనియం ఖనిజాల్లోని సీసాన్ని తూచి చూస్తే, మామూలు సీసం 207.2 ఉండగా అది 206 చిల్లర దగ్గర వచ్చింది. అది తూకంలో పొరపాటు కాదు, సీసమే వేరే పాళ్లది. 2010 చివర్లో వచ్చిన పట్టికలో పది మూలకాలకు ఒక్క అంకె బదులు హద్దులే ఇచ్చారు. క్లోరిన్‌కు 35.446 నుంచి 35.457 దాకా. పరీక్షకు 35.5 వేయమను, ఈ సంగతి మాత్రం దాచకు.

నా దగ్గర పాత కంసాలి త్రాసు ఒకటుంది, ఆదివారం మీ నాన్నతో పంపిస్తున్నాను. పళ్లేలు పొడిబట్టతో తుడువు. ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు మధ్యలో నిలిచిందో లేదో చూసుకున్నాకే పిల్లల ముందు పెట్టు. ఫ్యాన్ ఆపడం మరిచిపోకు.

ఆశీస్సులతో,
నీ పెద్దనాన్న