కొత్తగా స్టోర్ మేనేజర్ అయిన మేనకోడలికి

నల్లగొండ

కోడలికి మామ ఆశీస్సులు.

మిర్యాలగూడ స్టోర్‌కి నిన్ను మేనేజర్‌ని చేశారని అక్క ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. ట్రైనింగ్‌లో లీడర్‌షిప్ స్టైల్స్ అని ఏవేవో చెప్పారట, అందులో నీది ఏదో తేలక టెన్షన్ పడుతున్నావట. ప్రకాశం బజార్‌లో కిరాణం గుమాస్తాగా మొదలుపెట్టి, పెద్ద స్టోర్ మేనేజర్‌గా రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

మేనేజర్ అయిన మొదటి ఏడాది, ఒక రాత్రి కౌంటర్ మూసేటప్పుడు గల్లాలో 500 తక్కువొచ్చాయి. లైన్లో ఇంకా గిరాకీలు ఉండగానే కౌంటర్ అమ్మాయి మీద ఎగిరాను. ఆమె ఒక్క మాట అనలేదు. సంచి బోర్లించి చూపించింది: టిఫిన్ డబ్బా, దువ్వెన, బస్ పాస్. తెల్లారి చొక్కా ఉతకడానికి వేస్తుంటే జేబులో చీటీ దొరికింది. మధ్యాహ్నం బియ్యం లారీ వస్తే హమాలీల కోసం ఆ గల్లాలోంచి నేనే తీసుకున్నాను. చీటీ రాసి, అందులో వేయడం మరిచిపోయాను. గోదాంలోకి పిలిచి సారీ చెప్పాను. తిట్టింది పదిమందిలో, సారీ మాత్రం చాటుగా. ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

అసలు నష్టం తర్వాత బయటపడింది. ఆ రోజు నుంచి ఏ తప్పూ నా దాకా రాలేదు. పగిలిన నూనె ప్యాకెట్లు అట్టపెట్టెల వెనక, డేటు దాటిన పాలపొడి కొత్త డబ్బాల వెనక. స్టాక్ లెక్కప్పుడు అన్నీ ఒకేసారి తేలాయి. గోడ మీద కంపెనీ విలువల బోర్డులో మొదటి మాట ‘నిజాయితీ’. నేను ఆ పిల్లను తిట్టింది దాని కింద నిలబడే.

ఈ లీడర్‌షిప్ స్టైల్స్ సంగతే తేల్చడానికి, అమెరికాలో కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు పదేళ్ళ పిల్లల్ని గుంపులు చేసి, ఒక్కో గుంపును ఒక్కో తీరుగా నడిపించి చూసి, 1939లో ఆ సంగతి ప్రచురించారు. గదమాయించి చేయించిన గుంపులో పెద్దాయన బయటికి పోగానే పని పడిపోయింది. కలుపుకుని నడిపించిన గుంపులో పెద్దగా తగ్గలేదు. నువ్వూ రోజులో సగం గోదాంలోనో, హెడ్ ఆఫీసు ఫోన్లలోనో ఉంటావు కదా.

అట్లాగని ఎప్పుడూ మెత్తగా ఉండమనడం లేదు. సద్దుల బతుకమ్మ ముందు రోజు సాయంత్రం మీటింగ్ పెట్టి అభిప్రాయాలు అడిగితే కొంప మునుగుతుంది. నువ్వు రెండో కౌంటర్, నువ్వు నూనెల దగ్గర అని చెప్పేయడమే. ఖాళీగా ఉన్న మధ్యాహ్నం మాత్రం అడుగు. పప్పుల అర కిందికి దించాలని మాకు చెప్పింది ఊడ్చే ఆమె. ముసలవ్వలు అందక, అడగలేక వెళ్ళిపోతున్నారని ఆమె ఒక్కతే చూసింది.

1962లో అమెరికాలో మొదటి వాల్‌మార్ట్ స్టోర్ తెరిచిన శామ్ వాల్టన్, పది అడుగుల దూరంలోకి వచ్చిన గిరాకీని కళ్ళలోకి చూసి పలకరించాలని పనివాళ్ళతో మాట తీసుకునేవాడు. మన సేట్లకు అదేం కొత్త కాదు, ‘రా అవ్వా, ఏం కావాలె’ అంటూనే ఉంటారు. పొద్దున నువ్వు ఫోన్ చూసుకుంటూ పనివాళ్ళను దాటిపోతే మాత్రం వాళ్ళ నోట ఆ మాట రాదు.

ఇంకోటి, స్టూళ్ళు. బట్టల షాపుల్లో రోజంతా నిలబడే ఆడవాళ్ళు కొట్లాడితే, కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో చట్టం మార్చింది, తమిళనాడు 2021లో. మన దగ్గర ఎట్లున్నా, ప్రతి కౌంటర్ వెనక స్టూల్ వేయించు. సిబ్బందిని గౌరవిస్తామని మీ బోర్డు మీద కూడా రాసే ఉంటుంది.

ఏరియా మేనేజర్ టార్గెట్ అని ప్రాణం తీస్తాడు. డేటు దగ్గరున్న సరుకు ముందుకు పెట్టమంటే పెట్టు, ధర తగ్గించి, డేటు కనిపించేట్టు. దాటిపోయింది అమ్మమంటే మెయిల్ పెట్టమను. ఆ మెయిల్ రాదులే.

పై వారం బత్తాయిలు తీసుకుని వస్తా. ఏ రోజో చెప్పను. ముందు బిల్లింగ్ లైన్లో నిలబడి, స్టూళ్ళు వచ్చాయో లేదో చూసుకున్నాకే నీ దగ్గరికి.

మీ మామ