వాన పడ్డాక బోరు నీళ్లకు పురుగుమందు వాసన: ముందు పరీక్షించాల్సింది నీళ్లను

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర పల్లె. ఇంటి వెనకే మా మిరప చేను. ఇంటికీ చేనుకీ 140 అడుగుల బోరు ఒక్కటే. గట్టి వాన పడితే రెండు మూడు రోజులు నీళ్లు పురుగుమందు వాసన వస్తున్నాయి. మరగబెట్టి తాగుతున్నాం. చేనుకు మందు కొట్టిన రోజు రాత్రి మా ఆయనకు తలనొప్పి, కడుపులో తిప్పడం ఉంటోంది. కోడలికి ఐదో నెల. అందరం రక్తపరీక్ష చేయించుకోవాలా? ఆర్వో పెట్టిస్తే సరిపోతుందా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఈ రోజు నుంచే ఆ బోరు నీళ్లు తాగడానికీ వంటకీ వాడకండి. పంచాయతీ కుళాయి నీళ్లో, నమ్మకమైన ప్లాంటు క్యాన్ నీళ్లో తెచ్చుకోండి. మరగబెడితే క్రిములు చస్తాయి గానీ పురుగుమందు పోతుందని నమ్మకం పెట్టుకోలేం. పైగా నీళ్లు ఇగిరేకొద్దీ ఎరువుల నుంచి వచ్చే నైట్రేట్ గిన్నెలో చిక్కబడుతుంది. బోరులో బ్లీచింగ్ పౌడర్ కూడా వేయకండి. క్లోరిన్ తగిలితే క్లోర్‌పైరిఫాస్ లాంటి మందులు ఆక్సాన్ అనే ఇంకా ఘాటైన రూపంలోకి మారతాయి.

మీకు వచ్చే వాసన మందుది కాక, అది కలిపిన ద్రావకానిది కావచ్చు. 'ఈసీ' అని రాసి ఉండే డబ్బాల్లో కిరోసిన్ జాతి ద్రావకాలు ఉంటాయి. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి నీళ్లలో ఉన్నా ముక్కుకు తెలియదు. కాబట్టి నాలుగో రోజు వాసన పోయిందని మళ్లీ తాగడం మొదలుపెట్టొద్దు.

ఇక రక్తపరీక్ష. మీ ఆయన సంగతి వేరు, మిగతావాళ్ల సంగతి వేరు. మందు కొట్టిన రాత్రే తలనొప్పి, వికారం వస్తున్నాయంటే అది నీళ్ల వల్ల కంటే చర్మం ద్వారా, ఊపిరి ద్వారా ఒంట్లోకి వెళ్లిన మందు వల్ల కావడానికే ఎక్కువ అవకాశం. ఆయనకు కోలినెస్టరేజ్ (నరాల పనికి కావాల్సిన ఒక ఎంజైమ్) పరీక్ష పనికొస్తుంది, అదీ ఆ ఎంజైమ్‌ను దెబ్బతీసే ఆర్గానోఫాస్ఫేట్ (క్లోర్‌పైరిఫాస్, మోనోక్రోటోఫాస్ లాంటివి), కార్బమేట్ జాతి మందులు వాడుతుంటేనే. అది ఒక్కసారే చేస్తే పెద్దగా తెలిసేదేమీ ఉండదు. కనీసం నెల రోజులు మందు జోలికి పోని సమయంలో ఒకసారి, కొట్టిన ఒకటి రెండు రోజుల్లో ఇంకోసారి, ఒకే ల్యాబులో చేయించాలి. ఎర్రరక్తకణాల కోలినెస్టరేజ్ తన మామూలు అంకె కంటే 20 శాతం తగ్గితే మందు కొట్టే పద్ధతి మార్చుకోవాలి. 30 శాతం తగ్గితే అది కోలుకునేదాకా స్ప్రేయర్ ముట్టకూడదు.

కోడలికి మాత్రం ఈ పరీక్ష వద్దు. గర్భంతో ఉన్నప్పుడు ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) కోలినెస్టరేజ్ మామూలుగానే తగ్గుతుంది. ఆ అంకె చూసి ఇంటిల్లిపాదీ బెంగపడటం తప్ప ఒరిగేదేమీ ఉండదు. నీళ్లలో మైక్రోగ్రాముల్లో ఉండే మందు ఈ పరీక్షకు సాధారణంగా చిక్కదు కూడా. అందుకే ఆ డబ్బు నీళ్ల పరీక్షకు పెట్టండి.

అసలు 140 అడుగుల లోతుకు మందు ఎలా దిగింది? చేనుకీ ఇంటికీ ఒకే బోరు అన్నారు కదా, అక్కడి నుంచే వెతకండి. 200 లీటర్ల డ్రమ్ములో మందు పోసి, బోరు పైపు కొస డ్రమ్ములో ముంచి నీళ్లు పడుతుంటారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది. మోటారు మీద నీళ్లు వెనక్కి పోకుండా ఆపే నాన్‌రిటర్న్ వాల్వ్ అరిగిపోయి ఉంటే పైపులోని నీళ్లు వెనక్కి జారుతూ డ్రమ్ములోని మందునీళ్లను కూడా బోరులోకి లాక్కుపోతాయి. ఎంత మందు పడితే ప్రమాదమో లెక్క చూడండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మోనోక్రోటోఫాస్ లీటరుకు 1 మైక్రోగ్రాము మించకూడదు. 36 శాతం మందు ఒక్క మిల్లీలీటరులో 3,60,000 మైక్రోగ్రాములు ఉంటుంది. అంటే మూడున్నర లక్షల లీటర్లకు పైగా నీటిని హద్దు దాకా తీసుకెళ్లడానికి అది చాలు.

రెండో దారి కేసింగ్ (బోరు గోడ కూలకుండా దించే పైపు) పక్కన సందు. బోరు వేసినప్పుడు కేసింగ్ పైపు చుట్టూ సిమెంటు పోయకుండా మట్టితో పూడ్చేస్తే, అక్కడ స్ప్రేయర్లు కడిగిన నీళ్లు వానతో కలిసి పైపు వెంబడే దిగిపోతాయి. నల్లరేగడి ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది కాబట్టి తొలకరి వానకు ఆ నెర్రెల గుండా కూడా దిగుతాయి. బాపట్ల వైపు ఇసుక నేలల్లో ఫిల్టర్ పాయింట్లు (లోతు తక్కువ గొట్టపు బావులు) ఉన్నవాళ్లకు సందు కూడా అక్కర్లేదు, నేలే జల్లెడ.

నమూనా ఎలా పడితే అలా పట్టుకెళ్తే డబ్బు దండగ. కూల్‌డ్రింకు సీసా, ప్లాస్టిక్ బాటిల్ వద్దు. కొన్ని మందులు ప్లాస్టిక్ గోడలకు అంటుకుపోయి రిపోర్టులో తక్కువ చూపిస్తాయి. ల్యాబు వాళ్లనే ఒక లీటరు ముదురు గోధుమరంగు గాజు సీసాలు, టెఫ్లాన్ పొర ఉన్న మూతలతో ఇమ్మనండి. గట్టి వాన పడ్డ మర్నాడు పట్టండి. పొద్దున్నే మోటారు వేయగానే వచ్చే నీళ్లు ఒక సీసా. తర్వాత బోరులో నిలవున్న నీళ్లు మూడింతలు తోడేసి ఇంకో సీసా. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు సుమారు ఆరున్నర లీటర్లు ఉంటాయి. వంద అడుగుల నీళ్లుంటే 650 లీటర్లు. అంటే వెయ్యి లీటర్ల ట్యాంకు రెండుసార్లు నిండేంత తోడాలి. ట్యాంకు కుళాయి దగ్గర కాదు, బోరు దగ్గరే పట్టాలి. మందు ముట్టిన చేత్తో సీసా తాకకూడదు. ఐస్ పెట్టెలో, ఎండ తగలకుండా, ఆ రోజే చేర్చండి. నైట్రేట్‌కు, బ్యాక్టీరియాకు సీసాలు వేరు.

పంచాయతీ దగ్గరుండే ఫీల్డ్ టెస్ట్ కిట్‌లో పురుగుమందు తెలియదు, నీళ్లలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరుతో అసలే తెలియదు. మిర్చి ఎగుమతుల పుణ్యమా అని గుంటూరులో మందుల అవశేషాలు చూసే ల్యాబులకు కొదవ లేదు. కానీ మిరపకాయలో కిలోకు మిల్లీగ్రాముల్లో చూసే పద్ధతి నీళ్లకు సరిపోదు. 'తాగునీటికి మీకు ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా? ఎన్ని మైక్రోగ్రాముల దాకా పట్టుకోగలరు?' అని ముందే అడగండి. పట్టుకోగలిగే హద్దు ప్రమాణం కంటే ఎక్కువైతే, రిపోర్టులో 'బీడీఎల్' (పట్టుకోగలిగే హద్దు కంటే తక్కువ) అని వచ్చినా దానికి అర్థం లేదు.

ఇంకో మాట. 'పురుగుమందుల ప్యానెల్' అని వదిలేస్తే ఐఎస్ 10500 జాబితాలోని డీడీటీ, లిండేన్, ఎండోసల్ఫాన్, క్లోర్‌పైరిఫాస్ లాంటివే చూస్తారు. మిరపలో తామర పురుగుకు ఇప్పుడు కొడుతున్న ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్ ఆ జాబితాలో లేవు. ఈ సీజన్‌లో మీరూ, పక్క చేలవాళ్లూ వాడిన డబ్బాల మీది పేర్లన్నీ, కలుపు మందులతో సహా, రాసి ల్యాబుకు ఇవ్వండి. జాబితాలో లేని మందు బయటపడితే ఐరోపాలో తాగునీటికి పాటించే హద్దుతో పోల్చుకోవచ్చు. అది ఒక్కో మందుకు లీటరులో 0.1 మైక్రోగ్రాము, అన్నీ కలిపి 0.5.

ఏ మందు దొరికిందన్నదే దారి చెబుతుంది. క్లోర్‌పైరిఫాస్ మట్టిని గట్టిగా పట్టుకుంటుంది, నేల గుండా అంత లోతుకు తనంతట తాను దిగడం అరుదు. అది బోరులో దొరికితే పైపు వెనక్కి లాగడమో, కేసింగ్ సందో అని అనుమానించండి. ఇమిడాక్లోప్రిడ్, అట్రజిన్ లాంటివి నీళ్లతో పాటు మెల్లగా జారగలవు. అవి రెండు సీసాల్లోనూ, పక్కవాళ్ల బోరులోనూ ఒకేలా వస్తే భూగర్భజలమే చెడినట్టు. మొదటి సీసాలో ఎక్కువ, తోడాక తక్కువ వస్తే లోపం మీ బోరు దగ్గరే ఉండొచ్చు.

కేసింగ్ సందును ఇంట్లోనే పట్టుకోవచ్చు. 200 లీటర్ల నీళ్లలో 5 కిలోల ఉప్పు కరిగించి, మోటారు నడుస్తుండగా కేసింగ్ చుట్టూ మెల్లగా పోయండి. బయటికొచ్చే నీళ్ల టీడీఎస్ పది నిమిషాలకోసారి, రెండు గంటల పాటు రాసుకోండి. అంకె ఎగబాకితే సందు ఉన్నట్టే. ఆ ఉప్పునీళ్లు చేలోకి పోనివ్వొద్దు.

సందు ఉంటే మేస్త్రీతో కేసింగ్ చుట్టూ సిమెంటు దట్టించి, బయటికి వాలుగా గచ్చు వేయించి, పైపును నేల మీద అడుగు ఎత్తు ఉంచండి. నాన్‌రిటర్న్ వాల్వ్ కొత్తది వేయించండి. డ్రమ్ము నింపేటప్పుడు పైపు కొస నీళ్లకు జానెడు పైనే ఉండాలి. మందు కలపడం, స్ప్రేయర్ కడగడం బోరుకు వంద అడుగుల అవతల. ఖాళీ డబ్బాలను మూడుసార్లు తొలిచి, ఆ నీళ్లు స్ప్రేయర్‌లోనే పోసి, డబ్బాకు చిల్లు పెట్టండి. ఆ తర్వాత బోరు బాగా తోడి, ఇంకో వాన పడ్డాక మళ్లీ పరీక్ష.

ఆర్వో గురించి: యాక్టివేటెడ్ కార్బన్ (మందును పట్టుకునే బొగ్గు), ఆర్వో పొర రెండూ ఉన్న యంత్రం చాలా మందులను బాగా తగ్గిస్తుంది. యూవీ దీపం ఒక్కటే ఉన్నది ఇందుకు పనికిరాదు. కార్బన్ నిండిపోయిన రోజు రుచిలో గానీ, టీడీఎస్‌లో గానీ తేడా కనిపించదు. అందుకే గడువుకు ముందే మార్చాలి. యంత్రం నుంచి వచ్చే నీళ్లనూ ల్యాబులో ఒకసారి చూపించాలి. బోరులోకి మందు పడే దారి మూయకుండా ఆర్వో మీద భారం వేయడం నాకు ఇష్టం లేదు.

మందు కొట్టాక ఎవరికైనా విపరీతంగా చెమట, నోట్లో చొంగ, కంటిపాప గుండుసూది మొనంత చిన్నదవడం, కండరాలు అదరడం, ఆయాసం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. బట్టలు విప్పి సబ్బుతో ఒళ్లు కడగండి. వాంతి చేయించొద్దు. మందు డబ్బా వెంట తీసుకెళ్లండి.

కోడలికి కాన్పు అయ్యాక బిడ్డకు ఆరు నెలలూ తల్లిపాలే. పోతపాలు తప్పకపోతే, నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిన నీళ్లతో కలపొద్దు. పసిబిడ్డ రక్తం ఆక్సిజన్ మోయలేక పెదవులు, గోళ్లు నీలంగా మారతాయి. కాన్పుకు ఇంకా నాలుగు నెలలుంది. ఈలోపే నైట్రేట్ రిపోర్టు చేతిలో ఉండాలి.