పాత కారుకు డీఆర్‌ఎల్ పెట్టించుకోవచ్చు, కానీ కరెంటు ఎక్కడినుంచి తీస్తున్నారో చూసుకోండి

మీ ప్రశ్న చదివాను. 2016 మోడల్ బేస్ వేరియంట్, డీఆర్‌ఎల్ (పగటిపూట కూడా వెలిగే ముందు లైట్లు) లేదు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒకాయన 1,200 రూపాయలకి గంటలో పెట్టేస్తానన్నాడు, ఇంకొకాయన కంట్రోలర్‌తో (లైటును దానంతటదే వెలిగించి ఆర్పే పరికరం) కలిపి 3,000 అడిగాడు. ఈ తేడా దేనికి, బ్యాటరీ దిగిపోతుందా, పోలీసులు ఆపుతారా అని అడిగారు.

తేడా చాలా ఉంది. నేను మొదట గంటలో అయిపోయే రకమే పెట్టించుకుని దెబ్బతిన్నాను. తర్వాత అంతా విప్పి నా చేత్తో నేనే మళ్లీ బిగించుకున్నాను. రెండోసారి బిగించాక నాలుగు వానాకాలాలు దాటాయి, ఇంతవరకు ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ ఆలోచన మంచిదే. డీఆర్‌ఎల్ ఉండేది మనకు దారి కనబడటానికి కాదు, ఎదుటివాళ్లకు మనం కనబడటానికి. నాది సిల్వర్ కలర్ బండి. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున శంషాబాద్ వైపు ఔటర్ రింగ్ రోడ్డు మీద మంచు పట్టిందంటే ఆ రంగు రోడ్డులో కలిసిపోతుంది. స్వీడన్‌లో 1977 నుంచే పగలు కూడా లైట్లు వేసుకుని నడపాలన్న నియమం ఉంది. యూరప్‌లో 2011 నుంచి కొత్త కార్ల మోడళ్లకు డీఆర్‌ఎల్ తప్పనిసరి చేశారు. మన దగ్గర 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకు పగలు కూడా హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది కదా, అదీ ఇందుకే. కార్లకు మాత్రం అలాంటి నిర్బంధం లేదు.

ఇక నా సంగతి. 2021 ఎండాకాలంలో మా ఇంటి దగ్గరి ఒక యాక్సెసరీస్ షాపులో పెట్టించాను. బంపర్ కూడా విప్పలేదు. గ్రిల్లు పైనుంచి చెయ్యి పెట్టి వైర్లు లాగి, నేరుగా బ్యాటరీ టెర్మినల్‌కు చుట్టి, స్టీరింగ్ కింద చిన్న స్విచ్ బిగించారు. ముప్పావు గంటలో పని అయిపోయింది, చూడటానికి బాగానే ఉంది.

చిక్కంతా ఆ స్విచ్‌తోనే వచ్చింది. పగటిపూట డ్రైవర్ సీట్లో కూర్చున్నవాళ్లకు డీఆర్‌ఎల్ వెలుగుతోందో లేదో తెలియదు. ఆ ఏడాది దసరాకు మేము రైల్లో కాగజ్‌నగర్ వెళ్లాం. బండి అపార్ట్‌మెంటు బయట ఎండలో పెట్టాను, స్విచ్ బంద్ చేయడం మర్చిపోయాను. నాలుగో రోజు వచ్చి తాళం తిప్పితే మీటర్‌లో ఒక్క లైటు కూడా రాలేదు. లెక్క వేసుకుంటే అది అలా అవ్వాల్సిందే. 6 వాట్లవి రెండు కలిపి 12 వాట్లు, అంటే 12 వోల్టుల మీద 1 ఆంపియర్. చిన్న పెట్రోలు కార్లలో ఎక్కువగా ఉండేది 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ. గంటకు 1 ఆంపియర్ చొప్పున లాగితే ఒకటిన్నర రోజుకు ఖాళీ. సెల్ఫ్ తిరగని స్థితి అంతకంటే ముందే వస్తుంది. పైగా ఈ బ్యాటరీలు ఒకసారి అలా పూర్తిగా దిగిపోతే మళ్లీ చార్జింగ్ పెట్టినా పాత సత్తా రాదు. నాది ఆరు నెలల్లో మార్చాల్సి వచ్చింది.

జంప్ స్టార్ట్ చేయడానికి ఉప్పల్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, పాతకాలం ఆటో ఎలక్ట్రీషియన్. బండి స్టార్ట్ అయ్యాక వెళ్లిపోకుండా బానెట్ కింద టార్చి వేసి వెతికాడు. "ఇటు రా బిడ్డా, ఇది చూడు" అని రేడియేటర్ పైనుండే రేకు పట్టీ దగ్గర ఎర్ర వైరును వేలితో ఎత్తి పట్టుకున్నాడు. వైరు వంగినచోట ఆ రేకు అంచు, ఇంజిను అదురుకు, పై తొడుగును కోసేసింది. లోపలి రాగి పోగులు నాలుగైదు బయటపడి ఉన్నాయి, వాటి మీద ఆకుపచ్చ చిలుము. కాస్త పక్కన జాయింటుకు చుట్టిన ఇన్సులేషన్ టేపు ఇంజిను వేడికి జిగురు కారిపోయింది. ఆయన ముట్టుకోగానే వేలికి నల్లగా అంటుకుని ఊడి వచ్చింది. బ్యాటరీ నుంచి అక్కడిదాకా ఎక్కడా ఫ్యూజు లేదు. ఆ రాగి రేకుకు తగిలి ఉంటే బ్యాటరీ కరెంటంతా ఆ సన్నటి వైరులోంచి పారి ఉండేది. ముందు వైరు కాలుతుంది, తర్వాత పక్కనున్న ప్లాస్టిక్ అంటుకుంటుంది. అదే బండిలో వెనక సీట్లో మా పాప రోజూ స్కూలుకు వెళ్లేది. "ఫ్యూజు పది రూపాయలు బిడ్డా" అని ఊరుకున్నాడాయన.

అందుకే షాపువాళ్లు లైటు వెలిగించి చూపించే ముందే అడగండి: కరెంటు ఎక్కడినుంచి తీస్తారు, ఫ్యూజు ఎక్కడ పెడతారు, హెడ్‌లైటు వేస్తే ఇది ఆరిపోతుందా? ఈ మూడింటికి తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్ల చేతికే బండి ఇవ్వండి.

కరెంటు తీయాల్సింది ఇగ్నిషన్ ఆన్ చేస్తేనే ప్రాణం వచ్చే ఫ్యూజు నుంచి. వైపర్‌ది గానీ చార్జర్ సాకెట్‌ది గానీ సరిపోతుంది. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిను ఫ్యూజుల జోలికి మాత్రం పోవద్దు. ఫ్యూజ్ ట్యాప్ అని చిన్న ముక్క దొరుకుతుంది. ఉన్న ఫ్యూజు స్థానంలో దాన్ని గుచ్చితే పాత ఫ్యూజు, మన కొత్త 2 ఆంపియర్ల ఫ్యూజు రెండూ అందులోనే కూర్చుంటాయి. కంపెనీ వైరు ఒక్కటి కూడా కోయనక్కర్లేదు. బండి వారంటీలో ఉన్నవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం. తాళం తీస్తే లైటూ ఆరిపోతుంది, మర్చిపోయే సమస్యే ఉండదు.

మీకు 3,000 చెప్పినాయన అంటున్న కంట్రోలర్ ఏ రకమో కనుక్కోండి. కొన్ని నేరుగా బ్యాటరీకే కడతారు. ఇంజిను నడుస్తున్నప్పుడు వోల్టేజి దాదాపు 14కు చేరుతుంది కాబట్టి, అది చూసి లైటు వెలిగిస్తాయి, తగ్గితే ఆర్పేస్తాయి. పాత బండ్లలో ఫరవాలేదు. కొత్త బండ్లలో ఆల్టర్నేటర్ (ఇంజినుతో తిరిగి కరెంటు పుట్టించేది) అవసరాన్ని బట్టి వోల్టేజి తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది, అందువల్ల రోడ్డు మీద పోతుంటే లైటు వచ్చిపోతూ ఉంటుంది. నేనైతే ఇగ్నిషన్ ఫ్యూజు పద్ధతికే ఓటు వేస్తాను.

హెడ్‌లైటు విషయానికొస్తే, దీన్ని మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. ఆ మొదటి లైట్లు ఉన్నప్పుడే ఒక రాత్రి భువనగిరి నుంచి వస్తున్నాం. డిమ్‌లోనే నడుపుతున్నాను, అయినా ఎదురొచ్చే ప్రతి బండీ డిప్పర్ కొడుతోంది. బీబీనగర్ దగ్గర పక్కకు ఆపి, దిగి, బండికి ఇరవై అడుగుల ముందు నిలబడి చూశాను. నా బండి నంబరు ప్లేటు నాకే కనబడలేదు. ఆరకుండా వెలుగుతున్న డీఆర్‌ఎల్‌ల రెండు తెల్లటి ముద్దలు తప్ప ఏమీ లేదు. వాన నీళ్లు పట్టిన హెల్మెట్ అద్దంలోంచి ఒక బైకు మనిషికి అది ఎలా ఉండి ఉంటుందో ఆలోచిస్తే ఇప్పటికీ మనసు బాగుండదు.

దీనికి 5 పిన్నుల రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ఒకటి చాలు. ఈ అంకెలు దాని పిన్నుల నంబర్లు: ఇగ్నిషన్ కరెంటు 30కి, డీఆర్‌ఎల్ వైరు 87ఏ కి, పార్కింగ్ లైటు పాజిటివ్ 86కి, ఎర్త్ 85కి. పార్కింగ్ లైటుగానీ హెడ్‌లైటుగానీ వేయగానే రిలే లాగుతుంది, డీఆర్‌ఎల్ ఆరిపోతుంది. కొత్త మోడళ్లలో పార్కింగ్ లైటును కంప్యూటర్ నడిపిస్తుంది, అలాంటి వైరుకు జాయింటు వేస్తే లైట్లు మినుకుమినుకుమంటాయి లేదా మీటర్‌లో వార్నింగ్ వస్తుంది. మీ బండికి ఇది వర్తిస్తుందేమో ముందు కనుక్కోండి.

లైటు కొనేటప్పుడు వాట్లు చూసి మోసపోకండి. ఐక్యరాజ్యసమితి 87వ నిబంధన ప్రకారం ఒక్కో డీఆర్‌ఎల్ 400 నుంచి 1,200 క్యాండెలాల (వెలుగు తీవ్రతకు కొలత) మధ్య ఉండాలి. ఆ పరీక్ష దాటిన లైటు అద్దం మీద వృత్తంలో ఇంగ్లిష్ 'E', పక్కన 'RL' అక్షరాలు ముద్రించి ఉంటాయి. బిగించడం నేల నుంచి 25 సెంటీమీటర్లకు పైన, రెండింటి మధ్య కనీసం 60 సెంటీమీటర్ల ఎడంతో. రంగు తెలుపు ఒక్కటే.

వైరు పనికి నేను పుత్లీబౌలీలో రిలే, బేసు కొన్నాను. కోఠీ గుజరాతీ గల్లీలో హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే బిగుసుకునే తొడుగు), ముడతల గొట్టం తీసుకున్నాను. ఒక ఆదివారం మా బావమరిదితో కలిసి బంపర్ విప్పి మొదలుపెడితే సాయంత్రమైంది. ప్రతి జాయింటూ టంకం వేసి స్లీవ్ తొడిగాం, ఎక్కడా టేపు వాడలేదు. వైరంతా ముడతల గొట్టంలో పెట్టి, రేకు అంచులకు దూరంగా, ఫ్యాక్టరీ వైర్ల వెంబడే కట్టాం. లైటు దగ్గర వైరును కిందికి ఒక వంపు తిప్పి పైకి తీసుకెళ్లాం. నీళ్లు ఆ వంపులో జారి కింద పడతాయి, కనెక్టర్‌లోకి పోవు. ఎర్త్ బోల్టు కింద రంగు గీకి మెరిసే ఇనుము మీద బిగించాం. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు కొన్ని బండ్లలో బంపర్ వెనకే ఉంటాయి, కాబట్టి వెనక ఏముందో చూడకుండా డ్రిల్లు పెట్టనివ్వకండి.

పోలీసుల సంగతి: ముందువైపు ఎరుపు లైటు చూపకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 108వది చెబుతుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. నీలం, రంగులు మారేవి, మిణుకుమనేవి అసలు వద్దు. మీ మోడల్ పై వేరియంట్‌కు కంపెనీయే ఇచ్చే డీఆర్‌ఎల్ సెట్టు విడిగా దొరికితే నా సలహా అదే, ధర ఎక్కువైనా సరే.

ఇంకొకటి. డీఆర్‌ఎల్ వెలుగుతుంటే వెనక లైట్లు వెలగవు. చీకటి పడే వేళ ముందు వెలుగు చూసి హెడ్‌లైటు వేశామనుకునేవాళ్లను ఉప్పల్ నుంచి హబ్సిగూడ వచ్చే దారిలో ఎన్నోసార్లు చూశాను, వెనకంతా చీకటి. సాయంత్రం ఆరు కాగానే హెడ్‌లైటు స్విచ్ మీద చెయ్యి వేయడం అలవాటు చేసుకోండి.

బిగించడం అయ్యాక డబ్బులు ఇచ్చే ముందు బండి ఆఫ్ చేసి, మల్టీమీటర్‌తో ఆ వైరులో కరెంటు సున్నా ఉందో లేదో చూపించమనండి. రాత్రి హెడ్‌లైటు వేసి ఇరవై అడుగుల ముందు నిలబడండి. మీ నంబరు ప్లేటు చదవగలిగితే పని సరిగ్గా జరిగినట్టే.