నాటకశాల: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా కాలేజీలో నల్లజాతి విద్యార్థుల బృందం లొరెయిన్ హాన్స్‌బెర్రీ నాటకం ‘ఎ రైసిన్ ఇన్ ద సన్’ వేస్తోంది. సెట్టు, సామాను నా బాధ్యత. వేదిక 32 అడుగుల వెడల్పు. రిహార్సల్లో ఇల్లు మరీ విశాలంగా కనిపిస్తోంది. ఇల్లు మారే రంగానికి పెట్టెలు సర్దేసరికి ఆలస్యమవుతోంది. ఏం చేయాలి?
– ఓ విద్యార్థిని, డాలస్

జవాబు: వేదికంతా వాడాలన్న ఆశ వదిలేయండి. 1959లో న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే నాటకశాలలకి వచ్చిన ఈ నాటకానికి షికాగో సౌత్‌సైడ్‌లోని ఆ ఇరుకు వాటాయే ప్రాణం. ఉండేది ఐదుగురు: లీనా, కొడుకు వాల్టర్, కోడలు రూత్, కూతురు బెనీథా, మనవడు ట్రావిస్. పదేళ్ల ట్రావిస్ పడక ముందుగదిలోనే. బాత్‌రూమ్ బయట నడవాలో, పక్కవాళ్లతో కలిపి. ఈ ఇరుకు ప్రేక్షకుడికి తెలియకపోతే, భర్త పోయాక వచ్చిన 10,000 డాలర్ల బీమా సొమ్ములోంచి లీనా 3,500 తీసి కొత్త ఇంటికి బయానాగా ఎందుకు కట్టిందో అర్థం కాదు.

ముందుగది, వంటమూల కలిపి 18 అడుగుల వెడల్పు, 12 అడుగుల లోతు దాటనివ్వకండి. ఇవాళే నేలమీద టేపు అంటించి అందులోనే రిహార్సల్ చేయించండి. సోఫాకీ బల్లకీ మధ్య అడుగున్నర చాలు. ఒకరు దాటాలంటే ఇంకొకరు ఒదగాలి. పగటి వెలుగు వంటమూలలోని ఒక్క చిన్న కిటికీలోంచే రావాలి. రెండోది పెడితే ఇల్లు తేలికైపోతుంది. వాల్టర్ ఎక్కే బల్లకి మాత్రం కాళ్ల మధ్య అడ్డపట్టీలు కొట్టించి, బరువైన మనిషిని ఎక్కించి చూడండి.

బెనీథా కొట్టే బొద్దింకల మందు పంపులో నీళ్లు కూడా పోయొద్దు. నేల తడిసి, ట్రావిస్ వెంటపడే బెనీథా జారుతుంది. పంపు చప్పుడు చాలు. మొదటి రంగంలో రూత్ వండే గుడ్లు ముందే వండి మూతపెట్టి ఉంచండి. పచ్చి గుడ్డు ఒక్కటి వేరే గిన్నెలో పగలగొడితే సరిపోతుంది. దాన్ని ఎవరూ తినకూడదు.

పెట్టెల సంగతి. ఖాళీ అట్టపెట్టెల్ని నటులు ఎలా ఎత్తినా తేలికేనని తెలిసిపోతుంది. అడుగున 4 కిలోల పాత పుస్తకాలు వేయండి, నడుం దానంతటదే వంగుతుంది. ముందే నింపి, అంటించి, అంకెలు వేసి, ఏ అంకె ఎక్కడో నేలమీద గుర్తు పెట్టండి. నలుగురు మోస్తే రెండు నిమిషాల పని. తెర లేవకముందే రూత్ పాట వినిపించాలని నాటకంలోనే ఉంది కాబట్టి, ఆఖరి పెట్టెలు పెడుతుండగానే ఆ పాట మొదలెట్టించండి. ఆ రంగం తర్వాత వచ్చే మూడో అంకం కథలో గంట తర్వాత జరిగేదే. పెట్టెలు కదపనక్కర్లేదు.

లీనా మొక్క అసలుదే పెట్టండి. నాలుగైదు ఆకులున్న బక్క మొక్క కావాలి, గుబురుగా ఉంటే కథే చెడుతుంది. నీళ్లు ముందురోజు పోయండి. అప్పుడే పోస్తే, చివర్లో లీనా దాన్ని ఎత్తుకున్నప్పుడు ఆమె కోటు మీద కారుతుంది. అలాంటిదే ఇంకొకటి తెరవెనక ఉంచండి.

ప్రశ్న: నిడివి ఎక్కువైంది. మాటలు కత్తిరించవచ్చా?

జవాబు: మీ అంతట మీరు వద్దు. హక్కులు చూసే కాన్‌కార్డ్ థియేట్రికల్స్‌ని రాతపూర్వకంగా అడగండి. మొదటి ప్రదర్శనలో తీసేసిన పొరుగింటి మిసెస్ జాన్సన్ ఘట్టం తర్వాతి ముద్రణల్లో మళ్లీ చేరింది. మీ లైసెన్సు ప్రతిలో అది ఉందో లేదో ముందు చూసి, అందరికీ ఆ ప్రతే ఇవ్వండి.