నాన్న పేస్‌మేకర్‌కి అప్‌డేట్ వేశారట, మాకు ఒక్క ముక్క చెప్పలేదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. ఒంట్లో పెట్టిన, ఒంటికి అంటించిన వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్ మార్చడం. ఆసుపత్రుల్లో ఈ పరికరాల పక్కనే చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. ఆరేళ్ల కిందట పేస్‌మేకర్ పెట్టారు. పోయిన నెల మామూలు చెకప్‌కి తీసుకెళ్తే కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడు ఛాతీ మీద ఏదో ఆనించి, స్క్రీన్ చూసుకుని, అప్‌డేట్ వేశాం, ఇక వెళ్లొచ్చు అన్నాడు. ఆ రెండు మూడు నిమిషాలు గుండె వేరేలా కొట్టుకున్నట్టు అనిపించిందని నాన్న ఇప్పటికీ అంటున్నారు. అడిగితే, ఫోన్‌కి వేసుకోవట్లేదా, ఇదీ అంతే అన్నారు. ఫైల్లో ఏమీ రాయలేదు. ఇలా చెయ్యొచ్చా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: చెప్పకుండా చెయ్యకూడదమ్మా. ఫోన్‌కి వేసుకునేదానితో పోల్చడం అసలు తప్పు. ఫోన్ చెడితే షాపుకి తీసుకెళ్తాం, ఇది ఆయన గుండెని నడిపిస్తున్న మిషన్.

నాన్నగారికి అనిపించింది భ్రమ కాకపోవచ్చు. 2017 ఆగస్టులో అమెరికాలో ఇలాంటిదే పెద్ద ఎత్తున జరిగింది. అబాట్ కంపెనీ పేస్‌మేకర్లలో, అంటే అది కొనేసిన సెయింట్ జూడ్ మెడికల్ అనే కంపెనీ చేసినవాటిలో, ఒక లోపం బయటపడింది. దగ్గరలో ఉన్న వేరే మనిషి రేడియో సిగ్నల్‌తో పరికరంలోకి చొరబడి, బ్యాటరీ త్వరగా అయిపోయేలా చెయ్యగలడు, గుండె కొట్టుకునే వేగాన్నే మార్చగలడు. అలా ఎవరికైనా హాని జరిగినట్టు అప్పటికి సమాచారం లేదు. అయినా అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదంతో, ఒక్క అమెరికాలోనే సుమారు 4,65,000 పరికరాలకు కొత్త ఫర్మ్‌వేర్, అంటే పరికరం లోపలే ఉండి దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, సిద్ధం చేశారు. ఇంట్లో కూర్చుంటే వచ్చేది కాదు, ఆసుపత్రికి వెళ్లాలి. పట్టేది మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలూ పేస్‌మేకర్ తన మామూలు సెట్టింగ్స్ వదిలేసి, గుండె కింది గదిని మాత్రమే నిమిషానికి 67 సార్లు కొట్టించే బ్యాకప్ పద్ధతిలోకి వెళ్తుంది. పై గదీ కింది గదీ వంతులవారీగా కొట్టుకోవడానికి అలవాటుపడిన మనిషికి అది తెలుస్తుంది. దడగా ఉందనో, తల తేలిపోతోందనో, ఏదో తేడాగా ఉందనో అంటారు. మీ నాన్నగారి పరికరం వేరే కంపెనీదై ఉండొచ్చు, కానీ 'మీకు ఊరికే అలా అనిపించింది' అని కొట్టిపారేసే మాట మాత్రం కాదిది.

నాకు నచ్చింది ఏంటంటే, అప్పుడు లెక్కలు దాచలేదు. పాత అప్‌డేట్ల అనుభవాన్ని బట్టి, లక్ష మందిలో సుమారు 161 మందికి అప్‌డేట్ పూర్తికాక పాత వెర్షనే మళ్లీ లోడ్ కావచ్చు, 23 మందికి డాక్టరు పెట్టిన సెట్టింగ్స్ పోవచ్చు, ముగ్గురికి పరికరం పూర్తిగా పనిచెయ్యకుండా పోవచ్చు అని ముందే ప్రకటించారు. పేస్‌మేకర్ లేకపోతే గుండె ఆగిపోయే స్థితిలో ఉన్నవాళ్లకైతే, తాత్కాలిక పేసింగ్‌కీ (బయటి మిషన్‌తో కాసేపు గుండెని కొట్టించడం) పరికరం మార్చడానికీ ఏర్పాట్లున్న చోటే చెయ్యమన్నారు. డాక్టరూ రోగీ కూర్చుని మాట్లాడుకున్నాకే నిర్ణయించుకోమన్నారు. లక్షకి ముగ్గురంటే చాలా తక్కువే, నేనైనా వేయించుకోమనే చెబుతాను. కానీ ఆ ముగ్గురిలో ఒకరు మన ఇంటి మనిషి కావచ్చు కదా, అందుకే ముందు చెప్పాలి, ఒప్పుకున్నాకే వెయ్యాలి. మందు మోతాదు మారిస్తే చీటీ మీద రాస్తున్నారా లేదా? ఇదీ వైద్యమే, దీనికీ కాగితం ఉండాలి.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. అప్‌డేట్‌కి ముందు సెట్టింగ్స్, తర్వాత సెట్టింగ్స్, రెండు ప్రింటవుట్లూ అడగండి. ఆ కుర్రాడు స్క్రీన్ చూసుకున్న మిషన్‌ని ప్రోగ్రామర్ అంటారు, దాన్నుంచి ప్రింట్ తీసుకోవడం కష్టమేమీ కాదు. ఏ తేదీన, ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కి, ఎందుకు మార్చారో కార్డియాలజిస్టు సంతకంతో రాయించుకోండి. నోటితో అడిగితే తర్వాత రండి అంటారు, ఉత్తరం రాసి ఇవ్వండి. ఈలోపు ఆయనకి కళ్లు తిరిగినా, స్పృహ తప్పినట్టున్నా, ఆయాసం వచ్చినా ప్రింటవుట్ల కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్లు, టైప్ 1 షుగర్. చేతికి సెన్సర్ ఉంటుంది, రీడింగులు నా ఫోన్‌కి వస్తాయి. ఒక రాత్రి ఫోన్ దానంతటదే అప్‌డేట్ అయింది. తెల్లవారుజామున నాలుగింటికి పాప నన్ను కదిపి లేపింది. ఒళ్లంతా చెమట, షుగర్ 52. అలారం మోగనే లేదు. అప్పటినుంచి నాకు నిద్ర పట్టట్లేదు. తప్పు నాదేనా? (ఒక తల్లి, హైదరాబాద్)

జవాబు: తప్పు మీది కాదమ్మా. పాప తనంతట తాను మిమ్మల్ని లేపగలిగింది, అది పెద్ద ధైర్యం.

మీకు జరిగింది మీ ఒక్కరికే కాదు. ఫోన్ మీద ఆధారపడే షుగర్ పరికరాల అలర్టులు కొన్నిసార్లు రావట్లేదనీ, వచ్చినా వినపడట్లేదనీ 2025 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ ప్రత్యేకంగా హెచ్చరించింది. ఇక్కడ చిక్కు ఎక్కడంటే, సెన్సర్ యాప్‌ని పరీక్షించి అనుమతిస్తారు గానీ, అది కూర్చునే ఫోన్‌ని వైద్య పరికరంగా ఎవరూ చూడరు. ఫోన్ కంపెనీ రాత్రికి రాత్రి ఏదో మారుస్తుంది, నోటిఫికేషన్ అనుమతి పోతుంది, బ్యాటరీ ఆదా కోసం యాప్ నిద్రలోకి జారుకుంటుంది. తల్లికి తెలిసేసరికి నాలుగవుతుంది.

యాప్ అప్‌డేట్ కూడా దెబ్బ కొట్టగలదు. 2024లో టాండెమ్ అనే కంపెనీ ఇన్సులిన్ పంప్‌కి (ఒంట్లోకి ఇన్సులిన్ ఎక్కించే చిన్న మిషన్) ఐఫోన్ యాప్ 2.7 వెర్షన్ వచ్చింది. యాప్ క్రాష్ అవ్వడం, మళ్లీ తెరుచుకోవడం, మళ్లీ క్రాష్ అవ్వడం. ప్రతిసారీ బ్లూటూత్‌తో పంప్‌ని పలకరిస్తూ దాని బ్యాటరీ పీల్చేసేది. బ్యాటరీ అయిపోతే పంప్ ఆగుతుంది, ఇన్సులిన్ ఆగుతుంది. ఏప్రిల్ మధ్యకి 224 మందికి హాని జరిగినట్టు కంపెనీకి ఫిర్యాదులు అందాయి. మరణాలు లేవు. ఎఫ్‌డీఏ దాన్ని అత్యంత తీవ్రమైన తరగతి రీకాల్‌గా (లోపమున్నదాన్ని వెనక్కి తీసుకోవడం లేదా సరిచెయ్యడం) పెట్టింది.

మీరు ఫోన్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపెయ్యండి. సెన్సర్ కంపెనీ తమ వెబ్‌సైట్‌లో 'ఈ వెర్షన్‌తో పరీక్షించాం' అని పెట్టాకే, అదీ పగటిపూట, ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడు వెయ్యండి. వేసిన వెంటనే నోటిఫికేషన్లు, సౌండ్, బ్లూటూత్, డు నాట్ డిస్టర్బ్, బ్యాటరీ ఆదా సెట్టింగ్, అన్నీ ఒక్కొక్కటి తెరిచి చూడండి. తర్వాత హై అలర్ట్ గీతని (షుగర్ ఎంత దాటితే అలారం మోగాలో చెప్పే అంకె) పాప అప్పటి రీడింగ్ కన్నా కిందకి దించి అలారం నిజంగా మోగుతుందో లేదో చెవులారా వినండి. మోగాక గీతని మళ్లీ పాత చోటే పెట్టడం మర్చిపోకండి. వేలికి పొడిచి చూసే మీటర్, కొత్త స్ట్రిప్పులతో, మంచం పక్కనే ఉండాలి. కొన్నాళ్లు రాత్రి ఒకసారి లేచి చూస్తే మీకూ కాస్త టెన్షన్ తగ్గుతుంది.

ప్రశ్న: అప్‌డేట్ వెయ్యడం కంపెనీ ఇష్టమేనా? మన దేశంలో అడిగేవాళ్లు లేరా? (బయోమెడికల్ విద్యార్థి, విశాఖపట్నం)

జవాబు: ఉన్నారు. 2017 వైద్య పరికరాల నియమాలు 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. 2020 ఏప్రిల్ నుంచి సాఫ్ట్‌వేర్‌తో సహా అన్ని వైద్య పరికరాలూ చట్టం కిందికి వచ్చాయి. అనుమతి వచ్చాక చేసే మార్పుల్ని ఆ నియమాల ఆరో షెడ్యూల్ పెద్దవి, చిన్నవి అని విడదీస్తుంది. పెద్ద మార్పుకి ముందే అనుమతి తీసుకోవాలి, చిన్నదైతే చేశాక తెలియజేస్తే చాలు. ఆ జాబితా ఒకసారి చదువు బాబూ. పదార్థం, స్టెరిలైజేషన్, ప్యాకింగ్, లేబుల్, ఇలా చేత్తో పట్టుకునే వస్తువుని దృష్టిలో పెట్టుకుని రాసినట్టుంటుంది. ఒక సాఫ్ట్‌వేర్ మార్పు పరికరం పనితీరుని తాకుతుందా లేదా అన్నది మొదట తేల్చుకునేది కంపెనీయే. నా బాధ అక్కడే.

అలాగని ప్రతి చిన్న మార్పునీ నెలల తరబడి ఆపితే అదీ ప్రమాదమే. అసలు అప్‌డేట్ చెయ్యడానికే వీల్లేని పరికరాల కథ చూడు. 2019 జూన్‌లో మెడ్‌ట్రానిక్ అనే కంపెనీ పాత మినీమెడ్ ఇన్సులిన్ పంపుల్లో భద్రతా లోపం బయటపడితే, సరిచేసే దారి లేక పంపులనే మార్చుకోమన్నారు. సరిదిద్దడం ఆలస్యం కాకూడదనే అమెరికాలో కేవలం సైబర్ భద్రత కోసం చేసే మార్పులకు సాధారణంగా ముందస్తు సమీక్ష అడగరు. 2022 డిసెంబరులో చేసిన చట్టంతో, నెట్‌కి కలిసే కొత్త పరికరానికి అనుమతి కావాలంటే లోపాలను ఎలా కనిపెడతారో, ఎలా సరిదిద్దుతారో ముందే చూపించాలి. లోపల వాడిన సాఫ్ట్‌వేర్ భాగాల జాబితా కూడా ఇవ్వాలి. మన దగ్గరా ఇది రావాలి. దాంతోపాటు మార్పు సంగతి రోగికి అతని భాషలో రాసిచ్చే నియమం కూడా కావాలి, తెనాలి ఉత్తరం చదివాక నాకు ముందు కావాల్సింది అదే అనిపిస్తోంది.

అప్‌డేట్ తర్వాత ఏదైనా తేడా వస్తే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమానికి, అంటే వైద్య పరికరాల వల్ల జరిగే హానిని నమోదు చేసే వ్యవస్థకి, ఫారం నింపి రిపోర్ట్ చెయ్యొచ్చు. 2015 నుంచి ఉంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. డాక్టర్లే కాదు, రోగులూ రాయొచ్చు. మోడల్, సీరియల్ నంబరు, అప్‌డేట్ వేసిన తేదీ, తేడా మొదలైన రోజు, ఈ నాలుగూ తప్పకుండా ఉండాలి. మీ కాలేజీ పక్కన ఏ ఆసుపత్రిలోనైనా ఇంటర్న్‌షిప్‌కి వెళ్తే, పేస్‌మేకర్ క్లినిక్ ఉన్న రోజు వెళ్లి, అక్కడికొచ్చేవాళ్లలో తేడా వచ్చిన పెద్దవాళ్ల చేత ఆ ఫారం నింపించు.